ఇంట్లో తొంభై, పనిలో డెబ్బై

“నేను గదిలో ఉంటే మీ తమ్ముడి నాడి పరిగెడుతుందంటే, మరి నన్నెక్కడ ఉండమంటారు వదినా? మెట్ల మీద కూర్చుని కూరలు తరగనా?”

“మెట్ల మీదికి పొమ్మని నేనెప్పుడన్నాను? కాసేపు వంటింట్లో ఉండి తలుపు వేసుకోమన్నాను. అంతే కదా.”

“నిన్న వేసుకున్నాను.”

“వేసుకుని గిన్నెలు కడిగావు.”

“వంటింట్లో గిన్నెలే ఉంటాయి. కడిగితే అవి చప్పుడే చేస్తాయి.”

“నేను చెప్పేదీ అదే అమ్మాయ్. వాడు విశ్రాంతిగా కూర్చున్నాక చూడాలని డాక్టరమ్మ చెప్పింది. విశ్రాంతంటే సోఫా కాదు. మనశ్శాంతి.”

ఆ సోఫాలోనే కట్టుడు పళ్ళ మేస్త్రి ఎడమచెయ్యి చాపుకుని కూర్చున్నాడు. చేతికి బీపీ మిషను పట్టీ చుట్టి ఉంది. భార్య మాట్లాడితే భార్య వైపు, అక్క మాట్లాడితే అక్క వైపు తల తిప్పుతున్నాడు, పక్కింటి తగాదా చూస్తున్నవాడిలా.

“మీరైనా చెప్పండి,” అంది చిట్టి.

“నేనేం చెప్పను? చెయ్యి తిమ్మిరెక్కుతోంది. ఆ కానిచ్చేదేదో కానివ్వండి.”

చిట్టి అన్నది పెళ్ళై వచ్చిన కొత్తలో పెట్టిన ముద్దుపేరు. మోకాళ్ళ నొప్పులు వచ్చినా, జుట్టు సగం నెరిసినా, చిట్టి చిట్టిగానే ఉండిపోయింది. వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. కుళాయి నుంచి చుక్కలు పడి గిన్నె టప్పుటప్పుమంటోంది. గిన్నె పక్కకి తీసి, చుక్క పడేచోట గుడ్డ పరిచింది. గోడకి ఆనుకుని నిలబడింది. ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చుకుంది.

అవతల వదిన గడియారం చూస్తూ ఉంటుందని తెలుసు. ఉద్యోగమంతా స్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసిన మనిషి. రిటైరై తమ్ముడి ఇంటికి వచ్చాక మెడలో ఈల ఒక్కటే తీసేసింది.

మిషను గుర్రుమని ఆగింది.

“పైది నూట ఇరవై ఎనిమిది, కిందది ఎనభై,” వదిన గొంతు వినిపించింది. “బంగారంలా ఉంది.”

తర్వాత ఆ గొంతు తగ్గింది.

“నాడి తొంభై రెండు.”

చిట్టి తలుపు తీసింది. “ఈసారి నేనేదీ ముట్టుకోలేదు.”

“నువ్వు తలుపవతలే ఉన్నావని వాడికి తెలుసు కదా,” అంది వదిన.

అబ్బాయి చదువుతున్న పేపరు దించాడు. “నాన్న గుండేమైనా రాడారా అత్తా?”

“నువ్వూరుకోరా. ఆటల్లో పిల్లల్ని పరిగెత్తించి, కూర్చోబెట్టి, నాడి పట్టుకుని చూసినదాన్ని. గుండె ఎప్పుడు సర్దుకుంటుందో, ఎందుకు సర్దుకోదో నాకు తెలుసు.”

పోయిన వారం డాక్టరమ్మ చెప్పింది నలుగురూ కలిసే విన్నారు. నలుగురికీ నాలుగు రకాలుగా అర్థమైంది. మాత్రలతో బీపీ దారికొచ్చిందని ఆవిడ సంతోషించిన మాట నిజం. కానీ ఊరికే కూర్చున్నప్పుడు కూడా నాడి తొంభై దాటి ఉండటం తనకి నచ్చలేదంది. బీపీ ఉన్నవాళ్ళలో, విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా నాడి వేగంగా కొట్టుకునేవాళ్ళకి ప్రాణం మీదికొచ్చే ముప్పు ఎక్కువ కనిపిస్తోందంది. ఆ వేగమే చేటు చేస్తుందా, లోపల వేరే ఏదైనా ఉండి అది ఇలా బయటపడుతోందా అన్నది పరీక్షలు చేస్తేగాని చెప్పలేనంది. కొన్నాళ్ళు ఇంట్లో చూసుకుని, ఆ అంకెలు పట్టుకుని రమ్మంది.

ఇంటికొచ్చేసరికి చిట్టికి ‘ముప్పు’ అన్న మాట ఒక్కటే మిగిలింది. వదిన ‘విశ్రాంతి’ని పట్టుకుంది. మేస్త్రి మాత్రం బీపీ దారికొచ్చిందట అని ఎదురింటాయనకి చెప్పి వచ్చాడు. ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేసే అబ్బాయి, నాడి చూసి తన ఫోనుకి పంపే వాచీ ఒకటి తెచ్చి నాన్న చేతికి కట్టాడు.

చిక్కంతా ఆ వాచీతోనే వచ్చింది.

మేస్త్రి వీధి చివర ఒంటిగదిలో కట్టుడు పళ్ళు చేస్తాడు. పళ్ళ డాక్టర్లు అచ్చులు పంపితే ప్లాస్టర్ పోసి దవడలు తీసి, వాటి మీద మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి సెట్లు తయారుచేసి ఇస్తాడు. పొద్దున్న వెళ్ళినవాడు భోజనానికి తప్ప సాయంత్రం దాకా కదలడు. అక్కడున్నంతసేపూ వాచీ డెబ్బై, డెబ్బై ఒకటి అంటోంది. ఇంటికొచ్చి కూర్చుంటే తొంభై. అబ్బాయి ఫోనులో గీత పగలంతా నేలబారుగా సాగి, సాయంత్రానికి గోడెక్కినట్టు ఎక్కుతోంది.

“పనిలో అంత ప్రశాంతంగా ఉన్నవాడు ఇంటికొస్తే ఎందుకిలా అవుతున్నాడు?” అని వదిన మొదట్లో అందరినీ అడిగింది. తర్వాత అడగడం మానేసింది. చిట్టి వైపు చూడటం మొదలుపెట్టింది.

“అసలు గుండె చురుగ్గా కొట్టుకుంటే తప్పేమిటి?” పట్టీ విప్పుకుంటూ అన్నాడు మేస్త్రి. “ఇంజను మంచి కండిషన్లో ఉన్నట్టే కదా.”

“బండి ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజను అరుస్తుంటే దాన్ని కండిషన్ అనరు నాన్నా,” అన్నాడు అబ్బాయి.

“పనిలో అరవడం లేదు కదరా. రేపు డాక్టరమ్మకి ఆ డెబ్బై చూపించి వచ్చేద్దాం. ఇంక పరీక్షలెందుకు?”

“అదీ నిజమే,” అంది వదిన మిషను డబ్బాలో సర్దుతూ. “పరీక్ష చెయ్యాల్సింది వాడికి కాదు.”

ఆ మాట గదిలోనే ఉండిపోయింది. మేస్త్రి చెప్పులు వేసుకుంటున్నాడు. ఒక చెప్పుకి అంతసేపు పట్టడం చిట్టి అంతకుముందెన్నడూ చూడలేదు. అబ్బాయి మళ్ళీ పేపరు ఎత్తాడు.

తండ్రీకొడుకులు వెళ్ళాక చూస్తే, మేస్త్రి దగ్గరచూపు కళ్ళజోడు సోఫా మీదే ఉంది.

*

కళ్ళజోడు చేతిసంచీలో వేసుకుని వీధిలో నడుస్తూ చిట్టి తన గొంతుని తనే వినడానికి ప్రయత్నించింది. గట్టిగా మాట్లాడుతుందా? అడిగిందే అడుగుతుందా? ఈ మధ్య ‘వచ్చారా’ అని పలకరించడం కూడా మానేసింది. కూరలో ఉప్పు తగ్గించినప్పుడు ఆయన మొహం మాడ్చుకుంటే, ‘మీ మంచికే’ అనబోయి మింగేసింది. ఇంత మింగినా తొంభై రెండే. అంటే తను ఏమీ అనకపోయినా, ఉంటేనే చాలన్నమాట.

నిన్న సాయంత్రం బట్టలు మడతపెడుతూ అడిగేసింది కూడా.

“నేనంటే మీకు భయమా?”

“భయమేమిటి, నువ్వేమైనా పులివా?”

“మరి అక్కడ తగ్గేది ఇక్కడికొస్తే ఎందుకు పెరుగుతోంది?”

ఆయన తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. “అక్కడున్నవాళ్ళందరికీ నోళ్ళే. మాటలుండవు,” అని నవ్వాడు.

చిట్టి నవ్వలేదు. అది చూసి ఆయన ఏదో చెప్పబోయాడు. నోరు తెరిచాడు కూడా. అంతలో గాలి లేకపోయినా లేచి వెళ్ళి కిటికీ మూశాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకి తన మీద కోపం వచ్చిన రోజులు గుర్తున్నాయి. తనకి ఆయన మీద వచ్చినవి ఇంకా బాగా గుర్తున్నాయి. కానీ తన పక్కన కూర్చోవడమే ఒక మనిషి గుండెకి బరువు కావచ్చని ఎప్పుడూ అనుకోలేదు. నిజమైతే ఏం చెయ్యాలి? మాట మార్చుకోవచ్చు, వంట మార్చుకోవచ్చు. మనిషిని మార్చుకునేదెలా?

గది తలుపు తీసే ఉంది. లోపల మైనం కరిగిన వాసన, స్పిరిట్ దీపం వాసన. గోడ నిండా అరలు, అరల నిండా తెల్లటి ప్లాస్టర్ దవడలు, వాటి మీద పెన్సిలుతో రాసిన డాక్టర్ల గుర్తులు. మూల చక్రం దగ్గర పాలిష్ పట్టే ఆవిడ గులాబీ రంగు చిగుళ్ళ సెట్టు ఒకటి పట్టుకుని కూర్చుంది. చిట్టిని చూసి చక్రం ఆపింది.

“రా అక్కా. మేస్త్రిగారు లేరు. ఎవరో పెద్దాయనకి కింది సెట్టు గుచ్చుకుంటోందట, డాక్టరు పిలిస్తే వెళ్ళారు. వచ్చేస్తారు.”

“కళ్ళజోడు మర్చిపోయారు.”

“అందుకేనా పొద్దుట్నుంచీ కోర పన్ను పట్టుకుని ముందు పన్ను అంటున్నారు,” అని ఆవిడ నవ్వింది.

చిట్టి కళ్ళజోడు బల్ల మీద పెట్టబోతూ ఆగింది. మైనం కత్తుల పక్కన, అంచు విరిగిన ప్లాస్టర్ దవడ ఒకటి ఉంది. దానికి నడుముకి బెల్టు పెట్టినట్టు వాచీ తొడిగి ఉంది. అడుగున పచ్చటి వెలుగు మిణుకుమిణుకుమంటోంది.

వంగి చూసింది. డెబ్బై ఒకటి.

“వాచీ మర్చిపోయి వెళ్ళారా?”

“లేదక్కా, రోజూ దానికే ఉంటుంది. ప్లాస్టర్ కలిపేటప్పుడు ఆయన చేతికి ఉంగరం కూడా ఉంచుకోరు కదా. బల్ల మీద పెడితే గీతలు పడతాయని ఆ విరిగినదానికి తొడిగారు. చూస్తే దానికీ అంకె వచ్చింది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. ‘నాకంటే దీని గుండే బాగుంది’ అన్నారు.”

“ఎప్పుడు?”

“తెచ్చిన మొదటి రోజే.”

చిట్టి స్టూలు లాక్కుని కూర్చుంది.

ముందు సంతోషమే వచ్చింది. కాళ్ళలోంచి పైకి పాకినట్టు వచ్చింది. నా వల్ల కాదు. ఇన్నాళ్ళూ వదిన పోల్చింది ఆయన నాడినీ ఒక ప్లాస్టర్ ముక్కనీ. నవ్వు రాబోయింది, పాలిష్ పట్టే ఆవిడ చూస్తోందని ఆపుకుంది.

ఆ నవ్వు ఆగీ ఆగకముందే రెండోది తోచింది. అయితే డెబ్బై అన్నది ఎక్కడా లేదు. ఇంట్లో తొంభై అయితే పనిలోనూ తొంభయ్యే కావచ్చు. ఆయన గుండెకి కూర్చునే చోటే లేదేమో. దానికి తను ఇంత సంతోషపడింది.

మూడోది కాస్త ఆలస్యంగా వచ్చింది. మొదటి రోజే, అంది కదా ఈవిడ.

*

మేస్త్రి గుమ్మంలో ముందు భార్యని చూశాడు, తర్వాత దవడని చూశాడు. పాలిష్ పట్టే ఆవిడ ఇద్దరినీ చూసి, టీ తెస్తానని లేచి వెళ్ళిపోయింది.

“కూర్చోండి,” అంది చిట్టి. “పని చేసుకోండి. నేనేమీ మాట్లాడను.”

ఆయన కూర్చున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. మైనం దిమ్మ ఎడమచేత్తో పట్టుకుని, ఆ చెయ్యి బల్ల మీద ఆనించి, కుడిచేత్తో కత్తి వేడిచేసుకున్నాడు. చిన్న తెల్ల పన్ను తీసి మైనంలో నిలబెట్టాడు. కొంచెం లోపలికి వంచాడు. ఊపిరి బిగబట్టి చూశాడు. మళ్ళీ కొంచెం బయటికి.

ఆయన స్థిమితపడేదాకా ఆగింది చిట్టి. తర్వాత స్టూలు దగ్గరికి జరుపుకుని, ఆయన ఎడమ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించింది. వదిన నేర్పిన పద్ధతే.

ఆయన చెయ్యి లాక్కోలేదు.

గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. మధ్యలో తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది. పైన ఆ చెయ్యి రాతిలా ఉంది. మైనంలో పన్ను వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కింద, తన వేళ్ళ అడుగున, ఎవరో తరుముతున్నట్టు పరుగు.

మూడోసారి కూడా తొంభైకి పైనే వచ్చింది.

“చూశావా, చెయ్యి వణకలేదు,” అన్నాడు మేస్త్రి.

“చెయ్యి వణకలేదు.”

ఆమె వేళ్ళు తీసేసింది.

“మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?”

“చెబుదామనే వచ్చాను. వచ్చేసరికి వాడు ఫోను పట్టుకుని డెబ్బై ఒకటి, డెబ్బై ఒకటి అని ఇల్లంతా తిరుగుతున్నాడు. నువ్వు కూడా నవ్వావు ఆ రోజు.”

“ఆ రోజు సరే. మర్నాడు?”

“మర్నాడు అక్క అదంతా నీ వల్లేనని అనేసింది.”

“విన్నారన్నమాట.”

“విన్నాను.”

“ఇవాళ పొద్దున్న కూడా?”

ఆయన కత్తికి అంటుకున్న మైనం గీకసాగాడు. “పరీక్షలంటారు చిట్టీ. చేస్తే ఏదో ఒకటి ఉందంటారు. ఉందని తెలిశాక నేనీ బల్ల దగ్గర ఇలా కూర్చోగలనా? తెలియనంత కాలం లేనట్టే ఉంటుంది. అక్క నిన్నేదైనా అంటే నువ్వు సర్దుకుంటావు. నాది బయటపడితే సర్దుకోడానికి ఏముంటుంది?”

చిట్టి ఆయన మొహంలోకి చూసింది. కళ్ళజోడు వెనక కళ్ళు పెద్దవిగా కనిపిస్తున్నాయి, తప్పిపోయిన పిల్లాడి కళ్ళలా. కోపం తెచ్చుకుందామంటే వేళ్ళకి ఇంకా ఆ పరుగు తగులుతూనే ఉంది. జాలిపడదామంటే పొద్దున ఆ చెప్పు దగ్గర ఆయన వంచిన తల కనిపిస్తోంది. రెండూ ఒకే మనిషివి. ఏది ముందు పట్టుకోవాలో తెలియలేదు.

“సర్దుకున్నాను కదా,” అంది చివరికి.

లేచి, బల్ల మీది దవడని వాచీతో సహా సంచీలో వేసుకుంది. ఆయన వద్దనలేదు.

*

రాత్రి భోజనాలకి కూర్చున్నప్పుడు అబ్బాయి ఫోను చూసి, ఇంకోసారి చూసి, కళ్ళు పెద్దవి చేశాడు.

“నాన్నా, ఇంట్లో కూడా డెబ్బై ఒకటి. ఇప్పుడు. ఇక్కడ.”

వదిన ఫోను లాక్కుని దూరంగా పెట్టి చూసింది. “నేను చెప్పలేదూ? చిట్టి సాయంత్రం నుంచీ నోరు మెదపలేదు. ఎంత తేడా వచ్చిందో చూడండి.” ఆవిడ గొంతులో మెచ్చుకోలు కూడా ఉంది. “ఇలాగే ఉండమ్మా. నీకూ మంచిదే.”

మేస్త్రి కంచంలోకి చూస్తున్నాడు.

చిట్టి సంచీలోంచి దవడ తీసి బల్ల మధ్యలో, కూర గిన్నె పక్కన పెట్టింది. పచ్చటి వెలుగు గిన్నె అంచు మీద పడి మెరిసింది.

ముందు అబ్బాయికి అర్థమైంది. దవడని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. “ఇది వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుగు చూస్తుంది,” అన్నాడు గొణుగుతున్నట్టు. “ఎదురుగా ఉన్నది చెయ్యో కాదో దీనికి తెలీదు. అందుకేనా గీత అంత నేలబారుగా ఉంది...”

“అంటే ఇన్నాళ్ళూ మనం దీని నాడి చూశామా?” అంది వదిన.

“అవును అత్తా.”

“ఒరేయ్, నీకు తెలుసా?” తమ్ముడి వైపు తిరిగింది వదిన.

మేస్త్రి తల ఊపాడు.

“నాకొక మాట చెప్పి ఉంటే నేను చిట్టిని అన్నేసి మాటలు అనేదాన్నా?”

“నువ్వు అన్నాక ఎలా చెప్పను?”

“అనకముందు చెప్పాల్సింది.”

“అంటావని నాకేం తెలుసు?” మేస్త్రి కంచం పక్కకి జరిపాడు. “అయినా ఇదే ఇంత అబద్ధం చెప్పినప్పుడు, ఆ బీపీ మిషను మాత్రం నిజం చెబుతోందని ఏమిటి నమ్మకం? తొంభై రెండు మాత్రం ఎవరు చూసొచ్చారు?”

అబ్బాయి దవడని మళ్ళీ తిప్పి చూశాడు. “దాన్ని కూడా ఒకసారి సరిచూసుకుంటే మంచిదేమో...”

“కొత్తది కొందాం,” అంది వదిన. “లేదంటే ఇద్దరు ముగ్గురి చేతులకి పెట్టి చూద్దాం. ముందు నాకు పెట్టండి.”

ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మాటలు మిషను మీదికి వెళ్ళాయి, వాచీ మీదికి వెళ్ళాయి, అది అమ్మిన షాపు మీదికి వెళ్ళాయి. మేస్త్రి మొహం కాస్త తెరిపిన పడింది.

“నేను వేళ్ళతో చూశాను,” అంది చిట్టి. “పని దగ్గర కూర్చోబెట్టి మూడుసార్లు చూశాను. అక్కడా అంతే.”

అబ్బాయి దవడని బల్ల మీద పెట్టేశాడు.

“అయితే నీ వల్ల కాదన్నమాట,” అంది వదిన, వరసలోంచి బయటికి పంపిన పిల్లని మళ్ళీ వరసలో నిలబడమన్నట్టు.

“ఏమో వదినా. దవడ సంగతి తెలిసింది. నా సంగతి ఇంకా తెలీలేదు.”

అందరికీ రెండోసారి వడ్డించింది. తన కంచం పెట్టుకుని కూర్చుంది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

“రేపు మీరు ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళండి. డెబ్బై మాట ఎత్తొద్దు. తొంభై రెండని చెప్పండి. ఏ పరీక్షలు రాస్తే అవన్నీ చేయించండి. నేను రావడం లేదు. పొద్దున్న బస్సుకి చెల్లెలింటికి వెళుతున్నాను.”

“నాన్నకి బాగాలేనప్పుడా అమ్మా?”

“నాన్నకి బాగాలేదని ఇవాళే కదరా తెలిసింది. నిన్నటిదాకా బాగాలేనిది నేను.”

“మరి వంట?” అంది వదిన. అన్నాక ఆవిడకే బాగోలేదనిపించింది, మంచినీళ్ళ గ్లాసు అందుకుంది.

మేస్త్రి తల ఎత్తాడు. “ఎన్నాళ్ళు?”

“డాక్టరమ్మ ఏమందో మీ నోటితో మీరే నాకు ఫోను చేసి చెప్పండి. అక్క చేతా వద్దు, వీడి చేతా వద్దు. మందులేవైనా ఇస్తే వేసుకోండి. రోజూ పొద్దున్న స్థిమితంగా కూర్చుని చూసుకోండి. ఇంట్లో నేనుండను. నేను లేకపోయినా ఇలాగే ఉంటే, వచ్చేస్తాను.”

అబ్బాయి తల్లి వైపు చూశాడు, తండ్రి వైపు చూశాడు.

“తగ్గితే?” అని అడిగాడు.

“తగ్గితే ఆయనకి మంచిదే కదరా,” అంది చిట్టి.